మెట్టు లేని మోడు

పోయిన వారం ఐవాను ఎక్కడ వదిలామో ఇంకా అక్కడే ఉంది. పనిముట్ల కొట్టం గుమ్మంలో రెండు చేతులూ రెండు వైపులా ఆనించి, తాతకు దారి ఇవ్వకుండా నిలబడి ఉంది. మూడు రోజులు కురిసిన మంచువాన వెలిసింది కానీ, మేకల కొట్టం పక్కనున్న ముసలి యాష్ చెట్టు తల విరిగిపోయింది. విరిగిన తల సగం వేలాడుతోంది. మాను మొత్తం కొట్టం వైపు ఒరిగింది. సాయంత్రం నాలుగింటికి పెనుగాలి వస్తుందని రేడియో పొద్దుటి నుంచీ చెప్పిందే చెబుతోంది. చెట్లు కొట్టేవాళ్లకు ఫోన్ చేస్తే మూడు వారాల తర్వాత చూద్దామన్నారు. దాంతో డెబ్బై నాలుగేళ్ల ఎల్డన్ తాత, రెండేళ్లుగా ఎవరూ ముట్టని పెద్ద ఎర్ర చైన్‌సాను గోడ మేకు మీంచి దించాడు.

ఆ రెండేళ్ల సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. అప్పటి ఫిబ్రవరిలో ఐవా నాన్న హోలిస్ కొండ మీద ఒంటరిగా చెట్టు కోస్తూ దాని కిందే పడి చనిపోయాడు. "తొందరపడ్డాడు, పాపం" అని కొండంతా ఒక్క మాటే అంది. ఆ ఒక్క మాటను ఐవా అప్పటి నుంచీ మింగలేక కక్కలేక ఉంది.

"తప్పుకోవే," అన్నాడు తాత. "గాలి నీ కోసం ఆగదు."

"నీ కోసం కూడా ఆగదు. ఆ చెట్టు నేను కోస్తాను తాతా."

"దేంతో? ఆ రొట్టెలు కోసే చాకుతోనా?"

చాకు అని ఆయన అన్నది బల్ల మీదున్న ఐవా రంపాన్ని. నిరుడు ఆకులు రాలే కాలంలో కొనుక్కుంది. దుకాణం ఆయన నాలుగు రకాలు ముందు పెట్టి ఏది కావాలమ్మా అని అడిగితే ఐవాకు నోరు పెగల్లేదు. కొత్తవాళ్ల ముందు ఎప్పుడూ అంతే. ఏమీ అనకుండా ఒక్కోదాన్నీ ఎత్తి, చేతులు ముందుకు చాపి, మనసులో వంద లెక్కపెట్టుకుంది. మూడింటికి నలభై దాటకముందే మోచేతులు వణికాయి. అన్నిట్లోకి చిన్నది, చైను తిరిగే బద్ద పదహారంగుళాలే ఉన్నది, వంద దాటినా నిలిచింది. దుకాణం ఆయన నవ్వలేదు. "ఈ లెక్క నీకు హోలిస్ నేర్పాడు కదూ," అన్నాడు.

అవును, నాన్న లెక్కే అది. "రంపాన్ని చెట్టును చూసి కొనరు ఐవా, చేతుల్ని చూసి కొంటారు. అలిసిన చెయ్యే తెగుతుంది" అనేవాడు. బతికినన్నాళ్లూ ఆయన పదహారంగుళాల బద్దతోనే కోశాడు. అంతకంటే పొడుగుది ఆయన చేతిలో ఎవరూ చూడలేదు.

తాత దారి వేరు. చెట్టు పెద్దదైతే రంపం పెద్దది కావాలి, అంతే.

"ఆ మాను అడ్డకొలత చూశావా? ఇరవై రెండంగుళాలు. నాది ఈ చివర పెడితే ఆ చివర తేలుతుంది. ఒక్క ఊపు! నీది ఇటోసారి అటోసారి కుట్టాలి, దర్జీ లాగ."

"కుడతాను. దర్జీ కుట్టు ఊడదు."

"అబ్బో, నోరు! మూడు శనివారాలు రంపం పాఠం విని వచ్చి నాకు పాఠం చెబుతోంది. మీ నాన్న ముందు గనక ఇలా మాట్లాడి ఉంటే..."

ఆగిపోయాడు.

బడిలో హాజరు పలకడానికే గొంతు రాని పిల్ల ఐవా. ఇప్పుడు చెవులు కాలిపోతున్నాయి. అయినా గుమ్మం వదల్లేదు. తాత వెనక్కి తిరిగి, కొట్టంలోని ఇనుప పొయ్యి మీద మరుగుతున్న కాఫీ కప్పు అందుకున్నాడు. ఎనామెల్ కప్పు. చెవి పట్టుకోలేదు, కడుపు పట్టుకున్నాడు. పొయ్యి మీంచి తీసిన కప్పును అరచేత్తో అలా చుట్టి పట్టుకుని, తీరిగ్గా ఊదుకుంటూ నిలబడ్డాడు. అరచేతి అంచు ఎర్రగా కందుతోంది. ఆయన మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"తాతా, కప్పు!"

"ఏం, నీకూ కావాలా?"

ఐవా ఒంట్లో వేడంతా ఒక్కసారి చల్లారిపోయింది. అప్పుడే వెనక నుంచి ఆమె భుజం మీద ఒక చెయ్యి పడింది. తడి చెయ్యి, మేకలకు వాడే మందు వాసన. అమ్మ.

లోర్నా మేకల కొట్టం నుంచి వస్తోంది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది, స్వెటర్ నిండా గడ్డిపరకలు. "పది మేకల్ని మేపుల్ పాకం కాచే పాకలోకి తోలాను," అంది. "చూలుతో ఉన్న క్లోవర్‌కు ఈనే నొప్పులు మొదలయ్యాయి. దాన్ని కదపలేను. గడ్డి అంతా ఆ కొట్టంలోనే ఉంది, దాన్నీ కదపలేను. ఇంకా ఇక్కడే వాదించుకుంటున్నారా?"

"నీ కూతురు దారి ఇవ్వటంలేదమ్మా," అన్నాడు తాత.

లోర్నా కప్పు వైపు చూసింది. ఆయన చేతి వైపు చూసింది. ఆశ్చర్యపోలేదు. వెళ్లి ఆ కప్పును చెవి పట్టి మెల్లగా లాక్కుని బల్ల మీద పెట్టింది.

"మామయ్యా, కళ్లు మూసుకోండి."

"ఎందుకూ?"

"మూసుకోండి. చెయ్యి చాపండి. మీ చేతిలో ఏం పెట్టానో చెప్పండి. చెబితే చెట్టు మీది."

తాత ఒక్క క్షణం ఆమెను చూసి, తర్వాత మీసం కింద నవ్వుకుంటూ కళ్లు మూసుకున్నాడు. చెయ్యి చాపాడు. ఐవాకు అమ్మ చేతులు రెండూ కనిపిస్తున్నాయి. అమ్మ తన ఖాళీ చేతిని ఆయన అరచేతి పైకి తెచ్చి, తాకకుండా, అలాగే వెనక్కి తీసుకుంది.

"పెట్టాను. చెప్పండి."

తాత వేళ్లు ముడుచుకున్నాయి, విప్పుకున్నాయి. చలికి చచ్చిన వేళ్లు. చివర్లు కొవ్వొత్తిలాగా తెల్లగా ఉన్నాయి. పెద్ద రంపాల అదురుడు యాభై ఏళ్లు తిన్న చేతులకు కొండ మీద వచ్చే తెలుపే అది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

"ఓస్, ఇదా," అన్నాడు. "మేకు. మూడంగుళాల మేకు. గోడకు కొట్టమని వారం నుంచీ నన్ను సతాయిస్తున్నావే, అదే."

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది.

తాత కళ్లు తెరిచాడు. తన అరచేతిని తనే చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. ఆ తర్వాత ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియనట్టు జేబులో పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి తాతా?" అంది ఐవా.

"ఏముందే, నిన్నా మొన్నా చలికి కాస్త..."

"మూడేళ్లు దాటింది," అంది లోర్నా. ఆయన చెప్పాల్సిన జవాబు ఆమె చెప్పింది. "ఐవా కోస్తుంది. మీరు కోత మూసుకోకుండా చీల కొట్టండి మామయ్యా, సుత్తికి స్పర్శ అక్కర్లేదు. తాడు నేను లాగుతాను."

రంపం మాటెత్తితే గది వదిలి వెళ్లిపోయే అమ్మ ఆ మాట అంది. ఐవా గుమ్మం వదిలింది. అమ్మకు ఈ సంగతి అంత కచ్చితంగా ఎలా తెలుసు అన్న ప్రశ్న మనసులో ఒక మూల ముల్లులా దిగింది కానీ, గడియారం రెండు దాటింది. ముల్లు తీసుకునే తీరిక లేదు.

*

బయట ప్రతి కొమ్మా గాజుగొట్టంలో పెట్టినట్టుంది. అడుగు వేస్తే నేల పగులుతోంది. ఐవా హెల్మెట్ పెట్టుకుంది, చెవులకు మూతలు వేసుకుంది, రంపం తగిలినా దారాలు చుట్టుకుని చైనును ఆపేసే మందపాటి తొడుగు కాళ్లకు కట్టుకుంది. ముందు రంపం జోలికి పోలేదు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది, తల ఎత్తి ఇంకోసారి తిరిగింది. బెరడు కింద పురుగులు తొలిచిన గీతలు మెలికలు మెలికలుగా కనిపిస్తున్నాయి. పురుగు తిన్న యాష్‌ను నమ్మకూడదు. పచ్చిచెట్టు వంగి చెబుతుంది, ఇది చెప్పకుండా విరుగుతుంది.

తాత సన్నతాడుకు ఇసుకసంచి కట్టి పైకి విసిరాడు. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి బలమైన పంగ మీదుగా దాటింది. దాని వెంట లావుతాడు ఎక్కించారు. ఆ తాడు పచ్చిక అవతలున్న మేపుల్ చెట్టు దాకా వెళ్లి, అక్కడ కప్పీ మీదుగా పక్కకు తిరిగి, అమ్మ దగ్గరున్న, పళ్ల చక్రం తిప్పి తాడు బిగించే చేతి మరకు చేరింది. చెట్టు పడే దారిలో అమ్మ ఉండకూడదు కదా. ఐవా వెనక్కి పారిపోయే దారిని పారతో చెక్కి, పొయ్యి బూడిద చల్లింది. మంచు మీద బూడిద కాలిని పట్టుకుంటుంది.

తాత ఒక పొడవాటి కర్ర తెచ్చుకుని ఆమె వెనక నిలబడ్డాడు.

"కోసేవాళ్ల కళ్లు కోత మీద, చీల కొట్టేవాడి కళ్లు చెట్టు తల మీద," అన్నాడు. ఇప్పుడు ఆయన గొంతులో వెటకారం లేదు. "నేను కర్రతో భుజం తట్టానంటే ఎందుకని అడక్కు. వెనక్కి పరిగెత్తు. రంపం పోతే పోనీ."

"సరే."

"సరే కాదు. తిరిగి చెప్పు."

"తడితే పరిగెత్తాలి. రంపం పోతే పోనీ."

ఐవా రంపాన్ని నేల మీద పెట్టి, కాలితో అదిమి, తాడు లాగింది. రెండో లాగుకు అందుకుంది. ముందు పచ్చిక వైపు నోరు కోసింది. పైనుంచి వాలుగా ఒక కోత, కింద నుంచి ఒక కోత, పుచ్చకాయ ముక్కలాంటి చెక్క ఊడి కింద పడింది. రాత్రి ఆకురాయి పట్టిన చైను పొట్టు రాల్చలేదు, రేకులు రాల్చింది. అది చూసి ఆమె మనసు కాస్త కుదుటపడింది.

ఇక అసలు కోత. తలుపుకు బందు ఎలాగో చెట్టుకూ అలాగే ఒక బందు వదలాలి. నోటి వెనక రెండు వేళ్ల మందం చెక్కను కొయ్యకుండా వదిలితే, చెట్టు దాని మీద తిరిగి చెప్పిన వైపు పడుతుంది. బందు తెగితే చెట్టు తన ఇష్టం వచ్చిన వైపు పోతుంది. ఐవా రంపం కొనను మానులోకి మెల్లగా పొడిచింది. బద్ద కొంచెం కొంచెంగా లోపలికి దిగింది. ఇటు సగం అయ్యింది.

భుజం మీద దెబ్బ పడింది.

ఎందుకని చూడలేదు. రంపం వదిలేసి బూడిద దారిలో ఆరడుగులు పరిగెత్తింది. వెనక ఏదో దబ్బుమని పడింది. తిరిగి చూస్తే, తను మోకాలు ఆనించిన చోట మనిషి తొడంత లావు కొమ్మ నిలువునా గుచ్చుకుని ఊగుతోంది. గాజు ముక్కల్లా మంచు రాలుతోంది.

అమ్మ మర దగ్గర నుంచి అరవలేదు. రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది.

"ఊఁ," అన్నాడు తాత. ఆయన మొహం కూడా మంచు రంగులోనే ఉంది. "దర్జీగారికి దారం తెగిందా, ఇంకా ఉందా?"

ఐవాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మానులో ఇరుక్కోకుండా ఆగిన రంపాన్ని బయటికి తీసింది. చేతులు చాపింది. మనసులో వంద లెక్కపెట్టింది. ముప్ఫై దగ్గర వణుకు ఆగింది. వంద దాకా ఆగి, చెట్టు రెండో వైపుకు వెళ్లింది.

పొట్టి బద్ద కాబట్టి రెండో వైపు నుంచి మళ్లీ పొడవాలి. రెండు కోతలూ మధ్యలో కలవాలి. ఈసారి కోత ఒక వేలెడు కిందికి వచ్చింది. ఫర్వాలేదు. వెనక ఒక పట్టు మాత్రం వదిలింది. చెట్టును చివరి నిమిషం దాకా ఆపి ఉంచేది అదే. తాత రెండు వైపులా ప్లాస్టిక్ చీలలు పెట్టి సుత్తితో కొట్టాడు. స్పర్శ లేని చేతులే కానీ, ఒక్క దెబ్బ తప్పలేదు.

"లోర్నా! నాలుగు పళ్లు!"

మర టిక్కు టిక్కుమని నాలుగుసార్లు తిరిగింది. తాడు వీణతీగలా బిగిసింది.

"ఇంకో రెండు! చాలు! ఐవా, కొయ్యి!"

ఐవా పక్కకు నిలబడి వెనక పట్టును కోసింది. ఫట్ మంది. చెట్టు కదల్లేదు. నిజంగా ఒక్క క్షణం అది ఆలోచిస్తున్నట్టే నిలబడింది. కొట్టంలో నుంచి క్లోవర్ అరిచింది. తర్వాత పైనెక్కడో ఒక మూలుగు బయల్దేరి కిందికి వచ్చింది. మాను కొట్టానికి వీపు తిప్పి, పచ్చిక వైపు మెల్లగా, తర్వాత గబగబా, తర్వాత ఆకాశం అంతా తనతో లాక్కుపోతున్నట్టుగా పడిపోయింది. నేల అదిరింది. వేలాడుతున్న తల మాత్రం పోతూ పోతూ కొట్టం చూరు నీటిగొట్టాన్ని పీకేసింది. అంతే. కొట్టం నిలిచింది.

ఐవా చెవుల మూతలు తీసింది. లోకం అంతా నిశ్శబ్దం.

*

"నీటిగొట్టం బాకీ పడ్డావు," అన్నాడు తాత. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అవి మంచు వల్లేనన్నట్టు తుడుచుకుంటున్నాడు. "ఇంకేం వంక పెట్టడానికి లేదు. దర్జీ మంచి దర్జీయే."

అమ్మ కొట్టంలోకి పరిగెత్తింది, క్లోవర్ దగ్గరికి. తాత కోయగా నేలలో మిగిలిన మోడు దగ్గర కూర్చుని, మొక్కజొన్న పొత్తును చూసినట్టు దాన్ని అటూ ఇటూ చూశాడు. బందు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే మందంతో ఉంది. మధ్యలో, ఇటు కోత అటు కోత కలిసిన చోట, వేలెడు ఎత్తు మెట్టు ఉంది.

"అచ్చం వాడి మోడే," అన్నాడు తాత. సంతోషంలో మాట మీద అదుపు పోయింది. "ఈ మెట్టు చూశావా? లావు చెట్టు ఏది కోసినా మీ నాన్న మోడు మీద ఈ మెట్టు ఉండాల్సిందే. ఆ పొట్టి బద్దతో ఇంకోలా కుదరదు. ఎవడైనా సరే అడవిలో మోడు చూసి చెప్పేవాడు, ఇది హోలిస్ కోత అని. సంతకం అనుకో. మెట్టు లేకపోతే అది వాడు..."

తాత సుత్తి తీసుకుని లేచాడు. "పద, కాఫీ తాగుదాం," అన్నాడు, ఎటో చూస్తూ.

ఐవా కదల్లేదు. ఆమెకు ఒక సీసా గుర్తొచ్చింది.

నాన్న పోయాక వచ్చిన వేసవిలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అమ్మకు చెప్పకుండా కొండ మీదికి వెళ్లింది. జామ్ సీసాలో నీళ్లు పోసి, తెల్లపూలు పెట్టి, నాన్న చివరిగా కోసిన మోడు మీద ఉంచి వచ్చింది. సరిగ్గా నడిమధ్యలో ఉంచింది. ఆ సీసా నిలబడింది. ఒరగలేదు, ఊగలేదు. బల్ల మీద పెట్టినట్టు నిలబడింది. నాన్న సన్నిధిలో ఏదీ పడిపోదు అని ఆ రాత్రి తన పుస్తకంలో రాసుకుంది కూడా.

మెట్టు ఉంటే సీసా ఎలా నిలుస్తుంది?

"ఐవా! అటెక్కడికే? ఐవా!"

తాత పిలుస్తున్నాడు. ఆమె అప్పటికే పచ్చిక దాటి ఏటవాలు ఎక్కుతోంది. దారి పొడవునా మంచు పెచ్చులు మోకాళ్లకు కోసుకుంటున్నాయి. గాలి ఇంకా రాలేదు కానీ చెట్ల తలలు ఒకదానికొకటి తాకి గలగలమంటున్నాయి. పైన, బీచ్ చెట్ల మధ్య, గుండ్రంగా ఒక మంచు దిబ్బ. మోకాళ్ల మీద కూలబడి రెండు చేతులతో మంచు ఊడ్చింది. మంచు కింద పెచ్చు. పెచ్చును మోచేత్తో పగలగొట్టింది.

నున్నగా ఉంది. ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క ఊపు.

ఇరవై నాలుగంగుళాల మాను. మధ్యలో మెట్టు లేదు. బందు అన్నదే మిగల్లేదు, అదీ కోసుకుపోయింది. అందుకే చెట్టు ఇష్టం వచ్చిన వైపు పడింది. ఈ కొండ మీద ఇంత పొడవు ఊపు ఊపే రంపం ఒక్కటే ఉంది. తాత ఎర్ర రంపం, ఇప్పుడు పనిముట్ల కొట్టంలో ఉంది.

ఐవా చేతి తొడుగు తీసేసి, వేళ్లతో మోడు పక్కన తడిమింది. నాలుగు వేళ్ల కింద ఒక సన్నటి గీత దొరికింది. ఇంకో కోత. చిన్న రంపం కోత. అరడుగు లోపలికి వెళ్లి ఆగిపోయింది. నాన్న రంపం ఇక్కడే ఇరుక్కుని దొరికింది. కోస్తుండగా చెట్టు వెనక్కి కూర్చుని బద్దను నొక్కేసింది, అప్పుడే పడింది అని అందరూ చెప్పారు.

కానీ రంపం ఇరుక్కుంటే కొండ మీద ఎవరైనా చేసేది ఒక్కటే. ఇంటికి పోయి ఇంకో రంపం తెచ్చి, కాస్త పైన కోసి, దాన్ని విడిపించడం. నాన్న ఒంటరిగా ఉండి, తనే పెద్ద రంపం తెచ్చుకుని ఉంటే, అది ఆయన పక్కనే పడి ఉండాలి. నాన్న పోయిన సాయంత్రం ఐవా పనిముట్ల కొట్టంలో ఒక మూల కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూ చూసింది ఆ ఎర్ర రంపాన్నే. అది మేకుకు వేలాడుతోంది.

ఎవరో దాన్ని తెచ్చి మేకుకు తగిలించారు.

అంతలో ఐవాకు ఇంకొకటి తట్టింది. ఈ కొండ మీద మోడు చదవలేనివాళ్లు లేరు. నాన్నను మోసుకొచ్చిన ఆరుగురూ దీన్ని చూశారు. చూసే, "తొందరపడ్డాడు, పాపం" అన్నారు.

వెనక మంచు కరకరలాడింది. తాత ఎక్కి వచ్చాడు. రొప్పుతున్నాడు, టోపీ ఎక్కడో పడిపోయింది.

"నాన్న ఒంటరిగా లేడు," అంది ఐవా. తిరగలేదు. "ఇది నాన్న కోత కాదు. తప్పు నాన్నది కాదు. రెండేళ్లు నన్ను ఆ మాట మొయ్యనిచ్చావు తాతా."

తాత మోడు దగ్గరికి రెండడుగులు వేశాడు.

"తప్పు నాదే," అన్నాడు. "వాడి రంపం ఇరుక్కుపోయింది. నేనే నాది తీసుకొచ్చాను. నేనే కోశాను. ఇక కిందికి పద. తిట్టుకో, కొట్టుకో, ఇంటికెళ్లాక."

ఐవా లేచి ఆయన వైపు తిరిగింది. తిట్టడానికే తిరిగింది. ఆయన చేతులు కనిపించాయి. ఎక్కడం కోసం కొమ్మలు పట్టుకుంటూ వచ్చినట్టున్నాడు, ఎడమ అరచెయ్యి గీసుకుపోయి నెత్తురు కారుతోంది. ఆయనకు తెలియదు. నెత్తురు మంచు మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది, ఆయన దాన్ని చూడనైనా లేదు.

మూడేళ్లు దాటింది. అమ్మ అంది ఆ మాట. నాన్న పోయి రెండేళ్లు.

"తాతా," అంది ఐవా. "ఖాళీ చేతిలో మేకు ఉందన్నావు. ఆ రోజూ నీ చేతులు ఇవే. ఈ చేతులతో ఆ రంపం ఎలా పట్టావు?"

తాత ఆ చేతులను మళ్లీ జేబుల్లో దాచుకోబోయాడు.

"ఆయన్ను అడగకు ఐవా."

వాలు కింద, బీచ్ చెట్ల మొదట్లో అమ్మ నిలబడి ఉంది. స్వెటర్ ముందు భాగమంతా తడి. చేతుల్లో గోనెగుడ్డలో చుట్టిన మేకపిల్ల. పుట్టి అయిదు నిమిషాలు కూడా అయ్యుండదు, దాని చెవులింకా తలకు అంటుకునే ఉన్నాయి.

"లోర్నా, ఒద్దమ్మా," అన్నాడు తాత. ఆ గొంతులో అంత బతిమాలుడు ఐవా ఎప్పుడూ వినలేదు.

"రెండేళ్లు మోశారు మామయ్యా. చాలు." అమ్మ మేకపిల్లను గుండెలకు ఇంకా గట్టిగా హత్తుకుంది. "హోలిస్ కేకేశాడు, రంపం ఇరుక్కుంది, పెద్దది పట్రమ్మని. మేకు మీంచి దించింది నేను. ఇక్కడిదాకా మోసింది నేను. కోసిందీ నేనే."

తొలి గాలి అప్పుడే కొండ దాటింది. పైన మంచు తొడుగుల కొమ్మలన్నీ ఒక్కసారి మోగాయి.

"ఇంకొకటి ఉంది," అంది లోర్నా. ఈసారి ఐవా వైపు కాదు, ముసలాయన వైపు చూస్తూ అంది. "అది మీక్కూడా చెప్పలేదు మామయ్యా."